లెక్కల్లో లేనోళ్లు ఆటలోనూ లేరు

అమెరికాలో ఏదో ఒక ఊరి హైస్కూలు పిల్లలు చేసిన రోబో బంతిని బుట్టలో వేస్తే, ఆ మ్యాచ్‌లో ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో కొద్ది నిమిషాల్లో నారాయణపేట బస్టాండులో నిలబడి ఫోనులో చూడొచ్చు. పైసా కట్టే పని లేదు. ఎవరి పైరవీ అక్కర లేదు. కానీ మన పల్లె బడుల పిల్లలు సైన్సు పోటీకి పోయి వస్తే మార్కుల కాగితం సాధారణంగా మన కంట పడదు. గెలిచినోళ్ల పేర్లు మైకులో చదువుతరు, చప్పట్లు కొట్టిస్తరు, మిగిలిన పిల్లలను ఆటో ఎక్కించి పంపిస్తరు. ఎందుకు ఓడినమో ఆ పిల్లకు తెల్వదు, తీసుకపోయిన సారుకూ తెల్వదు.

ఇదేం పెద్ద సంగతి అని తీసేయకుండ్రి. లెక్క ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ల చేతిలో ఉంటది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా మన తాతలు దున్నిన చెలక ఎవరి పేరు మీద రాసి ఉందో చూసే దిక్కు లేకుండె. దస్తరం పట్వారి ఇంట్లో ఉండేది. చదువు వాని దగ్గర, కాగితం వాని దగ్గర, నాగలి మాత్రం మన దగ్గర. అందుకే లెక్కను బజారులో పెట్టిన చోట మన చూపు నిలవాలి. అది రోబో ఆట అయినా సరే.

ముందు ఆ ఆట ఏందో చూద్దాం. డీన్ కామెన్ అనే అమెరికా ఇంజనీరు 1989లో ఫస్ట్ అనే సంస్థ పెట్టిండు. 1992లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లలకు మొదటి రోబో పోటీ జరిపిండ్రు. ఇయ్యాల దాంట్లో ఏటా 3 వేలకు పైగా జట్లు ఆడుతున్నయి. ఎర్ర జట్లు మూడు, నీలి జట్లు మూడు బరిలోకి దిగుతయి. ఆట కొద్ది నిమిషాలే. మొదటి కొన్ని సెకన్లు రోబో తనంతట తానే నడవాలి, తర్వాత పిల్లలు నడుపుతరు. ప్రతి మ్యాచ్‌కూ తోడు జట్లు మారిపోతయి. పొద్దున మీతో కలిసి ఆడినోళ్లే మాపటికి మీ ఎదురు నిలబడొచ్చు. ఇదే సంస్థ చిన్న రోబోలతో మరో పోటీ నడుపుతది. వెక్స్ అనేది ఇంకో పోటీ. ప్రపంచ రోబో ఒలింపియాడ్ అని 2004లో సింగపూర్‌లో మొదలైంది మరొకటి. 2016లో దాని అంతర్జాతీయ పోటీ ఢిల్లీ పక్కనే జరిగింది.

ఈ ఆటల ఫలితాలు చూసేటందుకు ఆన్‌లైన్‌లో పనిముట్లు ఉన్నయి. పెద్ద రోబోల పోటీకి బ్లూ అలయన్స్, స్టాట్‌బాటిక్స్, చిన్న రోబోలకు ఎఫ్‌టీసీ స్కౌట్, వెక్స్‌కు రోబోట్ ఈవెంట్స్. బ్లూ అలయన్స్‌ను నడిపేది కంపెనీ కాదు, స్వచ్ఛందంగా పనిచేసే మనుషులు. దాని లోపలి కోడ్ కూడా ఎవరైనా చూసి వాడుకునేటట్టు బయట పెట్టిండ్రు. ఒక జట్టు నంబరు కొడితే అది ఏ ఊరిది, ఏ ఏడు పుట్టింది, ఏ మ్యాచ్‌లో ఎవరితో కలిసింది, ఎంత స్కోరు, ఏ బహుమతి, అన్నీ వరుసగా కనిపిస్తయి. మ్యాచ్ లెక్కల్లో పిల్లల పేర్లు ఉండవు, జట్టు నంబరే ఉంటది. ఈ ముచ్చట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

గెలుపు ఓటముల పట్టీ ఒక్కటే అయితే గొప్పేమీ లేదు. మూడు రోబోలు కలిసి ఆడితే వచ్చిన స్కోరులో ఏ రోబో వాటా ఎంత? ఇది తేల్చే లెక్క ఒకటి ఉంది. దాన్ని మన పాలమూరు కూలి భాషలో చెప్త. మట్టి పనికి ముగ్గురున్నరనుకోండి, తాయప్ప, మొగులమ్మ, బాలప్ప. ఒకనాడు తాయప్ప, మొగులమ్మ కలిసి 50 తట్టలు ఎత్తిండ్రు. ఇంకోనాడు మొగులమ్మ, బాలప్ప కలిసి 70. మూడోనాడు తాయప్ప, బాలప్ప కలిసి 60. ఎవరు ఎన్ని ఎత్తిండ్రో మేస్త్రి రాయలేదు, మొత్తమే రాసిండు. అయినా లెక్క తేలుతది. తాయప్పవి 20, మొగులమ్మవి 30, బాలప్పవి 40. కూడి చూసుకోండి, సరిపోతది. రోబో ఆటల్లో గూడ ఇదే పద్ధతి. పదుల కొద్దీ జట్లు, పదుల కొద్దీ మ్యాచ్‌లు ఉంటయి గనుక, అన్నిటికీ అచ్చంగా సరిపోయే జవాబు దొరకదు. అందుకని అన్నిటికీ దగ్గరగా ఉండే జవాబును కంప్యూటర్ వెతుకుతది. పదో తరగతి లెక్కల పుస్తకంలో రెండు తెలియని రాశుల సమీకరణాలు ఉంటయి కదా, ఇది వాటికి మనుమడు. మా బడిలో ఆ పాఠం చెప్పినప్పుడు పిల్లలు "ఇది ఎందుకు పనికొస్తది సార్" అని అడుగుతరు. కూలి వాటా తేల్చడానికి పనికొస్తది బిడ్డా!

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. మా నాయన మేస్త్రి వెంట దూరదేశం పోయి మట్టి పని చేసి, మస్టర్ కాగితం మీద వేలిముద్ర వేసేటోడు. అందులో ఎన్ని రోజులు రాసిండ్రో ఆయనకు తెల్వదు. ఇచ్చినంత తీసుకొని, వంగి, ఇంటికొచ్చిండు. ఆ కాగితం చదివే విద్య ఆయనకు అందనియ్యలేదు. ఇయ్యాల నేను పిల్లలకు సమీకరణం చెప్పేటప్పుడు నా మనసులో ఉండేది ఆ కాగితమే.

అయితే ఏ లెక్కనూ గుడ్డిగా మొక్కొద్దు. ఈ రోబో లెక్కల్లో రెండు మరకలు ఉన్నయి. ఆ రెండూ మనకు బాగా తెలిసినవే.

మొదటిది. పాయింటు తెచ్చిన రోబోనే ఈ లెక్క చూస్తది. ఎదుటి జట్టుకు అడ్డం నిలబడి, వాళ్లను పాయింటు కొట్టనియ్యకుండా ఆపిన రోబోకు ఆ కష్టానికి తగ్గ వాటా పడదు. మన ఇండ్లల్ల ఇదే కథ. తట్టలు ఎత్తినోనికి కూలి లెక్క ఉంటది. బిడ్డను చంకకెత్తుకొని నీళ్లు మోసి, గంజి కాచి, ఆ కూలోన్ని నిలబెట్టిన ఆడమనిషికి ఏ పట్టీలో లెక్క ఉంది? ఆ పిల్లలకు మాత్రం ఈ మరక సంగతి తెలుసు. అందుకే యంత్రం లెక్క ఒక్కదాన్నే నమ్మకుండ, జట్టు పిల్లలు గ్యాలరీలో కూసుండి ఒక్కో రోబోను కండ్లతో చూస్తూ రాసుకుంటరు. దీన్ని స్కౌటింగ్ అంటరు. ఆఖరి పోటీలకు ముందు పైన నిలిచిన జట్లు తమ తోడు జట్లను ఎంచుకోవాలి. అప్పుడు కంప్యూటర్ అంకెతో పాటు ఈ కంటి లెక్క కూడ ముందర పెట్టుకుంటరు.

రెండోది ఇంకా లోతైంది. స్టాట్‌బాటిక్స్ ఏ జట్టు గెలిచే అవకాశం ఎంతో ముందే అంచనా కడుతది. సీజన్ మొదట్ల, ఇంకా ఒక్క మ్యాచ్ ఆడకముందే, పాత ఏండ్ల ఆటను బట్టి జట్టుకు ఒక అంకె ఇస్తది. పాత జట్టయితే పాత పేరు కలిసొస్తది. కొత్తగా వచ్చిన జట్టు సగటు కన్న కొంచెం కింద మొదలవుతది. అంటే తాత మార్కులు మనుమని ఖాతాలో! ఈ ముచ్చట మనకు ఒకరు చెప్పాల్నా? మన పిల్ల తరగతిలో అడుగు పెట్టకముందే, ఇంటిపేరు చూసి, వాడ పేరు విని, అంకె వేసే సార్లను చూడలేదా?

కానీ ఒక్క తేడా ఉంది, న్యాయంగా చెప్పాలె. ఆ యంత్రం మొదట తక్కువ అంకె ఇచ్చినా, ప్రతి మ్యాచ్ తర్వాత దిద్దుకుంటది. కొత్త జట్టు నాలుగు ఆటలు బాగా ఆడితే అంకె పైకి లేస్తది. తన అంచనా ఎక్కడ తప్పిందో అందరికీ కనబడేటట్టు పెడుతది. మన ఊరు దిద్దుకుంటదా? మన పిల్ల మండలం ఫస్టు వచ్చినా "వాళ్లకేంది, రిజర్వేషన్" అనే మాటే మిగులుతది. యంత్రానికి ఉన్న పాటి బుద్ధి ఈ కుల సమాజానికి వేల ఏండ్లయినా రాలేదు.

ఇగ అసలు ప్రశ్న. ఆ పట్టీల్లో ఉన్నది ఎవరు? లేనిది ఎవరు?

పెద్ద రోబోల పోటీలో ఒక్క సీజనుకు పేరు నమోదు చేసుకోను 6,000 డాలర్లకు పైగా కట్టాలె. మన రూపాయల్లో 5 లక్షల పైమాట. రోబో ఖర్చు, ప్రయాణం ఖర్చు వేరే. 2025-26లో తెలంగాణలో ఉపాధి కూలి రేటు రోజుకు 307 రూపాయలు. ఆ ఫీజు సంపాయించాలంటే ఒక కూలి మనిషి 1,600 రోజులకు పైగా మట్టి ఎత్తాలె. ఏడాదికి 100 రోజుల పని దొరికినా 16 ఏండ్లు! అందుకే ఆ పట్టీల్లో అమెరికా బడులు నిండుగా ఉంటయి. మన దేశం నుంచి పోయినా ఎవరు పోతరో వేరే చెప్పాల్నా? పట్టీలో కులం గడి ఉండదు. గడి లేనంత మాత్రాన కులం లేదనుకుంటే మన మాదిరి అమాయకులు ఇంకెవరూ ఉండరు. ఫీజు రసీదే అక్కడ కులం సర్టిఫికెట్.

అయినా లెక్క బయట ఉంటే ఒక మేలు ఉంది. ఖాళీ కూడా కనిపిస్తది. 2017 జూలైలో ఇదే డీన్ కామెన్ వాషింగ్టన్‌లో దేశానికో జట్టు లెక్కన ఫస్ట్ గ్లోబల్ పోటీ పెట్టిండు. 150కి పైగా దేశాల పిల్లలు రావాలె. ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్ ఆడపిల్లల జట్టుకు వీసా రెండుసార్లు తిరస్కరించిండ్రు. దేశాల పట్టీ అందరి ముందర ఉంది, ఆ పిల్లలు రానియ్యబడలేదు. ప్రపంచమంతా అడిగింది. ఆఖరికి రానిచ్చిండ్రు, ఆ పిల్లలు వచ్చి ఆడి, వెండి పతకం తీసుకొని పోయిండ్రు. ఆ జాగ ఖాళీగా ఉందని లోకానికి కనబడకపోతే అడిగేటోడు ఉండేటోడు కాదు. మన పిల్లల జాగ ఎన్ని పట్టీల్లో ఖాళీగా ఉందో ఎవరికి కనబడుతుంది? అసలు పట్టీయే లేకపాయె.

మన దేశంలో సర్కారు ఏం చేసింది? నీతి ఆయోగ్ 2016లో అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టింది. ఎంపికైన బడికి 20 లక్షల దాకా సొమ్ము. 3డి ప్రింటర్, సెన్సర్లు, రోబో సామాను అన్నీ వస్తయి. దేశంలో 10 వేల బడుల్లో పెట్టిండ్రు. 2025 బడ్జెట్‌లో, వచ్చే 5 ఏండ్లలో సర్కారు బడుల్లో ఇంకో 50 వేలు పెడతమని ప్రకటించిండ్రు. వినడానికి బాగుంది. కానీ మొదట పెట్టిన నిబంధనలు చూడండి. మైదాన ప్రాంతపు బడికి 1,500 చదరపు అడుగుల జాగ చూపాలె. కరెంటు, కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఉండాలె. అంటే ఉన్నోనికే ఇంకా పెట్టుడు. రెండు గదుల్లో ఐదు తరగతులు నడిచే బడి 1,500 అడుగులు ఏడ తెస్తది? ప్రైవేటు బడులు కూడ ఈ సొమ్ముకు అర్హులే. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇండ్లు 100కు 4.4, ఇంటర్నెట్ అందే ఇండ్లు 14.9. పట్నాల్లో అవే అంకెలు 23.4, 42. ఆ తర్వాత ఫోన్లు పెరిగినయి, నిజమే. కానీ ఫోనులో రీలు చూసుడు వేరు, కంప్యూటర్ మీద ప్రోగ్రాం రాసుడు వేరు.

ఇన్‌స్పైర్ మానక్ అని ఇంకో పథకం ఉంది. బడి పిల్ల ఒక కొత్త ఆలోచన రాసి పంపితే, ఎంపికైన పిల్లకు నమూనా చేసుకోను 10 వేల రూపాయలు ఇస్తరు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, హెడ్మాస్టర్ చేయాలె. పదివేలు చిన్న సొమ్ము కాదు, ఆ పిల్ల తల్లి నెలంతా చేసినా రాని కూలి అది. ఏ బడి ఎన్ని ఆలోచనలు పంపింది, ఏ బడి ఒక్కటీ పంపలేదు? మన ఊర్ల కమిటీలు ఈ ప్రశ్న ఎన్నడన్న అడిగినయా?

ఇక్కడ కొందరు అన్నలు అడ్డం తగులుతరు. "భూమి లేదు, కూలి లేదు, పిల్లలు తల్లిదండ్రుల వెంట వలస పోతుండ్రు. గింత ఎండిపోయిన నేల మీద రోబోల ముచ్చట ఏందన్నా?" న్యాయమైన ప్రశ్నే. 2011 జనాభా లెక్కల నాటికి ఈ నారాయణపేట ప్రాంతంలో అక్షరాస్యత సగం దగ్గరే నిలిచిపోయింది. జిల్లా అయింది 2019లో. వలస బస్సు ఎక్కే బిడ్డకు ముందు బడి కావాలె, హాస్టల్ కావాలె, అన్నం కావాలె. ఆ కొట్లాట ఆపమని నేను అనడం లేదు. కానీ "వాళ్లకు ముందు అన్నం, చదువు తర్వాత, మిషన్లు ఇంకా తర్వాత" అనే వరస ఎవరు రాసిండ్రు? 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిండ్రు. పూర్ణకు 14 ఏండ్లు కూడా నిండలేదు. ఎక్కకముందు "గురుకులం పిల్లలకు కొండలెందుకు" అన్నోళ్లకు జవాబు ఆ కొండ మీదనే దొరికింది. వరస మనం తిరగరాసినప్పుడే మారుతది.

ఇంకో మాట. లెక్క అడుగుడు మనకు కొత్త కాదు. 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్ జరిపినప్పుడు, ఊరి నడుమ మస్టర్ రోల్ గట్టిగ చదివితే, చచ్చినోళ్ల పేర్ల మీద కూలి ఎత్తినోళ్లు బయట పడ్డరు. వర్గీకరణ ఉద్యమం 1994లో మొదలైంది. 2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమలైంది. దాని మీద మనలో మనకు వాదాలు ఉన్నయి, ఉండనీ. కానీ రెండు పక్షాలూ చేతిలో పట్టుకున్నది ఒక్కటే, ఎవరికి ఎంత అందిందనే లెక్క కాగితం. 2024 నవంబర్‌లో మొదలైన కులగణనలో ఈ రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం అని తేలింది. ఇగ ల్యాబులు, పోటీలు, బహుమతుల పట్టీలను ఈ అంకెల పక్కన పెట్టి చూసే పని మిగిలింది. ఆ పని వేరేటోడు చేసి పెట్టడు.

ఏం చేయాల్నో కూడా చెప్త. ఉపన్యాసం ఇచ్చి పోతే లాభం లేదు.

ఒకటి. ప్రతి బడికి 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటది. ఆ కోడ్ పెట్టి కేంద్ర విద్యా శాఖ యూడైస్ ప్లస్‌లో మీ ఊరి బడి కార్డు ఫోనులోనే చూడొచ్చు. పిల్లలెందరు, సార్లెందరు, కంప్యూటర్లు ఎన్ని అని అందులో రాసి ఉంటది. బడికి పోయి కండ్లతో చూసి సరిపోల్చుండ్రి. కాగితంలో ఉన్న కంప్యూటర్ గదిలో ఉందా? ఉంటే బీరువాలో తాళం వేసి ఉందా, పిల్లల చేతికింద ఉందా? యంత్రం లెక్క పక్కన కంటి లెక్క. స్కౌటింగ్ అంటే ఇదే.

రెండు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుండ్రి. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలె. జిల్లాలో ఏ బడుల్లో టింకరింగ్ ల్యాబులు ఉన్నయి, అందులో సర్కారు బడులు ఎన్ని, ఇన్‌స్పైర్‌కు ఎందరు పోయిండ్రు, వాళ్లలో ఆడపిల్లలెందరు, ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలెందరు అని అడగండి. ఒక జాగ్రత్త చెప్త. అంకెలు అడగండి, పిల్లల పేర్లు అడగొద్దు. పిల్ల పేరు పక్కన కులం రాసి గోడకు అంటిస్తే గాయం ఆ పిల్లకే తగులుతది. రోబో పట్టీలు జట్టు నంబరుతోనే పని నడుపుతున్నయి. మన పట్టీలు బడి పేరుతో నడవొచ్చు.

మూడు. సైన్సు పోటీ అయిపోయిన రోజే ప్రతి బడికి వచ్చిన మార్కులు, ఏ అంశానికి ఎన్నో, నోటీసు బోర్డు మీద, ఆన్‌లైన్‌లో పెట్టాలని మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి వినతిపత్రం ఇద్దాం. ల్యాబు ఉన్న బడి తలుపు చుట్టుపక్కల బడుల పిల్లలకు వారంలో ఒక్క రోజైనా తెరవాలని అడుగుదాం.

నాలుగు. రోబో వచ్చేదాకా ఆగే పని లేదు. మన బడుల్లో కబడ్డీ ఉంది. ఒక నోటుబుక్కు తీసుకొని ఎవరు ఎన్నిసార్లు కూతకు పోయిండ్రు, ఎన్ని పాయింట్లు తెచ్చిండ్రు, పట్టు పట్టింది ఎవరు, పక్కన నిలబడి ఆదుకున్నది ఎవరు అని రాయించుండ్రి. మాపటికి పిల్లలతోనే లెక్క కట్టించుండ్రి. రోబో పోటీల పిల్లలు చేసే లెక్కకు ఇదే మొదటి మెట్టు. ఖర్చు ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు.

ఐదు. హైదరాబాదులో, అమెరికాలో సాఫ్ట్‌వేర్ కొలువులు చేస్తున్న మన తమ్ముళ్లు, చెల్లెండ్లు ఉన్నరు. వాళ్లకు ఒక మాట. జయంతికి చందా పంపుతుండ్రు, సంతోషం. బ్లూ అలయన్స్ కోడ్ బహిరంగంగా ఉంది. అది చూసి నేర్చుకొని, మన గురుకులాల, జిల్లా పరిషత్ బడుల పోటీల ఫలితాలు చూసేటందుకు తెలుగులో ఒక పట్టీ తయారు చేయండి. చిన్న ఫోనులో, తక్కువ సిగ్నల్‌లో తెరుచుకోవాలె. ఊర్లో ఉన్న అవ్వ కూడ మనవరాలి బడి పేరు చూసి మురిసిపోవాలె.

బాబాసాహెబ్ చదువు గురించి మనకు నేర్పింది నౌకరీ సంపాయించే ఉపాయం ఒక్కటే కాదు. ఎదుటోడు రాసిన కాగితం చదివి, తప్పుంటే నిలదీసే ధైర్యం కూడ నేర్పిండు. రోబో ఆటలో ఓడినోనికి కూడా తన పాయింట్లు చూసుకునే హక్కు ఉంది. మన పిల్లలకు ఓడే హక్కు, ఎందుకు ఓడిండ్రో తెలుసుకునే హక్కు ముందు రావాలె. గెలుపు దాని వెనకనే వస్తది.

ఈ పక్షం మీ సంఘం మీటింగులో ఊరి బడి యూడైస్ కోడ్ ముందర పెట్టుకొని కూసుండ్రి. మిగతా ముచ్చట ఆ కార్డే చెప్తది.

జై భీం!